ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ

మా తండాలో సిగ్నల్ దొరికే చోట్లు అందరికీ తెలుసు. బడి వెనక బండ మీద రెండు గీతలు, నీళ్ల ట్యాంకు మెట్ల మీద మూడు, సేవాలాల్ గుడి అరుగు మీద ఒకటి, అదీ పొద్దుగూకినంకనే. ఇంట్లో అయితే దర్వాజ పక్కన మొలకు ఫోన్ తగిలించి పెడతరు. మోగితే అక్కడే నిలబడి మాట్లాడాలె, రెండడుగులు లోపలికేస్తే కట్. చందంపేట, నేరెడుగొమ్ము గుట్టల్లో ఉన్న తండాల వాళ్లకు ఈ ముచ్చట చెప్పనక్కర లేదు. సాగర్ వెనక నీళ్ల దాకా గుట్ట మీద గుట్ట, నడుమ పల్లంలో మా ఇండ్లు. టవరేమో రోడ్డు పక్కన ఉంటది, మేము గుట్ట చాటుకు ఉంటం.

మేమంటే నలుగురం. దేవరకొండలో డిగ్రీ చదివినోళ్లం. ఒకరు ఉపాధి హామీ పనిలో మేట్, ఒకరు బీఈడీ చేసి నోటిఫికేషన్ కోసం చూస్తున్నరు, మిగిలిన ఇద్దరిది వ్యవసాయమే. తండాలో ఎవరి ఫోన్ ఆగినా మా దగ్గరికే తెస్తరు. మేమేం మెకానిక్‌లం కాదు. ఇంగ్లీషు అక్షరాలు చదువుతమని తెస్తరు, అంతే. ఈ పని మాకు 2020లో మొదలైంది. ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు పెట్టిన్రు. టీవీ లేని ఇండ్ల పిల్లలు ఫోన్ పట్టుకుని బండెక్కిన్రు. అప్పటి నుంచి సిమ్ముల డొప్పలు తీసే పిన్ను ఒకటి మా జేబులోనే ఉంటది. పిన్ను పోయిన రోజు సీతాఫలం ముల్లుతో కూడా తీసినం అని మాలో ఒకడు చెప్తడు. సీతాఫలానికి ముల్లు ఎక్కడిదిరా అంటే నవ్వుతడు.

2024 మే నెల. 13వ తారీకున లోక్‌సభ ఓట్లు పడ్డయి. ఆ వారంలోనే పుణె నుంచి మా ఫోన్‌కు ఒక ఫోన్ వచ్చింది. మా కాకీ కొడుకు, బిల్డింగ్ పనికి పోయినోడు. కాకీ అంటే మాకు చిన్నాయన భార్య. "యాడి ఫోన్ అయిదు రోజుల సంది కలుస్తలేదు. యాడి బాగుందా? నిజం చెప్పుండ్రి, నేను రేపు బండెక్కుతా" అని ఏడుపు గొంతు. వాళ్ల నాయన, మా కాకా, అంతకు ముందు చలికాలంలోనే పోయిండు. అప్పుడు కూడా ఇట్లనే ఫోన్ కలవలేదు. కబురు ఆలస్యంగా అంది, వాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకే ఆ భయం. వాడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నడు, నడుమ వస్తే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి.

మేము ఉరుక్కుంట పోయేసరికి కాకీ చింతచెట్టు కింద కూసొని కందులు చెరుగుతుంది. "వాడే చేస్తలేడు బేటా. పెండ్లాం వచ్చినంక మరిచిండు" అన్నది. అయిదు రోజులుగా ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఇట్ల అనుకుంట ఉన్నరు. మా ఫోన్‌లో కలిపి ఇద్దరినీ మాట్లాడించినం. తర్వాత ఆమె ఫోన్ చేతికి తీసుకున్నం. గీతలు ఉండాల్సిన చోట 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని ఉంది.

తండాలో అందరూ టవర్‌ను తిట్టిన్రు. మేమూ ముందు అదే అనుకున్నం. ఎండాకాలం కరెంటు పోతే టవర్ కొంతసేపు బ్యాటరీ మీద నడుస్తది, అది అయిపోతే మా సిగ్నలూ పోతది. కానీ పక్కింటోళ్ల ఫోన్ అదే కంపెనీ సిమ్ముతో మోగుతుంది. కనుక టవర్ కాదు. ఈ చిన్న సంగతి మాకు ముందే తట్టి ఉంటే సగం తిప్పలు తప్పేవి. ఫోన్ కలవనప్పుడు మొట్టమొదట అదే కంపెనీ సిమ్ ఉన్న ఇంకొక ఫోన్‌ను అదే జాగాలో చూడాలె. అన్నీ ఆగితే టవర్. ఒక్కటే ఆగితే ఆ ఒక్కదాని కథ.

తెర మీద వచ్చే మాటలు కూడా ఒక్కటి కాదు. 'నో సిమ్' అంటే ఫోన్‌కు సిమ్మే కనబడతలేదు. దుమ్మో, వంకరో, సిమ్ చెడిపోవుడో. 'నో సర్వీస్' అంటే చుట్టుపక్కల ఏ టవరూ అందుతలేదు. 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అంటే ఏదో ఒక కంపెనీ టవర్ అందుతుంది, కానీ ఫోన్‌ను లోపలికి రానిస్తలేదు. ఊరి బొడ్రాయి దాకా వచ్చి ఇంట్లోకి పిలుపు లేనట్టు. ఆ స్థితిలో కూడా 112 నొక్కితే ఏ కంపెనీ టవర్ మీదనైనా పోయేటట్టు ఏర్పాటు ఉంటది. ఇది మా తండాలో ముసలోళ్లకు, ముఖ్యంగా నిండు నెలల ఆడోళ్లున్న ఇండ్లకు చెప్పి పెట్టినం.

కాకీ ఫోన్‌కు ముందు చేసేవన్నీ చేసినం. విమానం గుర్తు నొక్కి ఉందేమో చూసినం. మనుమరాళ్లు ఆడుకుంట దాన్ని నొక్కుతరు, తండాలో సగం ఫోన్లు దానితోనే ఆగుతయి. లేదు. ఆపి మళ్లీ పెట్టినం. సిమ్ తీసి బట్టతో తుడిచి పెట్టినం. రీచార్జి అయిపోయిందా అంటే, కొడుకు ఏప్రిల్‌లోనే మూడు నెలలకు వేసిండు. సిమ్‌కు పిన్ పెట్టి మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ ఇక పనికిరాదు. ఒక పిల్లగాని ఫోన్‌కు అట్లయింది కనుక అదీ చూసినం. కాదు.

నెట్‌వర్క్ రకం మార్చి చూసినం. 2జీ నడపని కంపెనీ సిమ్ముకు ఫోన్‌లో 2జీ అని పెట్టుకుంటే గీతలు రావు. పాత బటన్ ఫోన్లల్లో ఆ సిమ్ వేసి పనిచేస్తలేదని మా దగ్గరికి తెచ్చినోళ్లు చాలామంది. తర్వాత కంపెనీని చేత్తో ఎంచి చూసినం. దీనికి ఒక కథ ఉంది. మాతో చదివిన దోస్తు ఒకడు పాలమూరు అవతల, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్న కృష్ణా మండలంలో పంతులు. అక్కడి నుంచి రాయచూరు దగ్గర. వాని ఫోన్ గీతలు నిండుగా ఉంటయి, నెట్ మాత్రం రాదు. వారం దినాలు తల పట్టుకున్నడు. చూస్తే గీతల పక్కన చిన్న 'ఆర్' అక్షరం. ఫోన్ పోయి కర్ణాటక టవర్‌ను పట్టుకుంటుంది. తెలంగాణ, ఆంధ్ర రెండు రాష్ట్రాలైనా టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒక్కటే సర్కిల్. అందుకే కృష్ణ దాటి మాచర్ల పోయినా మనది రోమింగ్ కాదు. కర్ణాటక వేరే సర్కిల్. సెట్టింగుల్లో డేటా రోమింగ్ ఆపి ఉంటే మాటలు పోతయి కానీ నెట్ రాదు. అది తెరిచిండు, పని అయింది. మేమూ కాకీ ఫోన్‌లో అట్లనే కంపెనీ పేరు చేత్తో ఎంచినం. 'నమోదు కాలేదు' అని వచ్చింది.

ఇక్కడ మేము చేసిన తప్పు రాయాలె. దాచి రాస్తే ఈ వ్యాసం ఎందుకు?

నెట్‌వర్క్ సెట్టింగులు మళ్లీ మొదటికి తెచ్చేది ఒకటుంటది. దానితో ఫొటోలు పోవు, వైఫై పాస్‌వర్డుల్లాంటివి పోతయి, అంతే. దాని కిందనే, అట్లాంటి మాటలతోనే, ఫోన్‌నంతా మొదటికి తెచ్చేది ఇంకొకటి ఉంటది. మాలో ఒకరం తొందరలో అది నొక్కినం. ఎవరమన్నది రాయం, నలుగురం అక్కడనే ఉన్నం, నలుగురమూ చూస్తున్నం. ఫోన్ ఆగి, వెలిగి, కొత్తదాని లెక్క భాష ఏది కావాలె అని అడిగింది.

అందులో కాకా ఫొటోలు ఉండె. కాకా వాడిన పాత ఫోన్ తెర పగిలితే, అందులోవి మేమే ఈ ఫోన్‌కు ఎక్కించినం. పాత ఫోన్‌ను ప్లాస్టిక్ సామాన్ల బండోడు తీసుకుని ఒక బకెట్ ఇచ్చిండు. కాకీకి చెప్పినం. ఆమె ఫోన్ తీసుకుని తెర మీద వేలుతో అటూ ఇటూ రెండుసార్లు జరిపింది. "మళ్లీ రావా?" అన్నది. రావు అన్నం. ఏమనలేదు, కందుల చాట తీసుకుని లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండు.

ఇంత చేసినా గీతలు రాలేదు. అప్పుడు, ముందే చేయాల్సిన పని చేసినం. ఆమె సిమ్ తీసి మా ఫోన్‌లో వేసినం. ట్యాంకు మెట్ల మీద మూడు గీతలు. మా సిమ్ములు రెండు, వేరే వేరే కంపెనీలవి, ఆమె ఫోన్‌లో వేసినం. రెండింటికీ అదే మాట, ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ. అంటే సిమ్ మంచిది, టవర్ మంచిది, ఫోన్‌నే ఎవరూ రానిస్తలేరు. అయిదు నిమిషాల పని ఇది. దీన్ని చివరికి చేసినం. పిల్లలకు సైన్సు చెప్పే సార్లు ఉంటే ఈ మార్పిడి పరీక్షను చెప్పుండ్రి. రెండు వస్తువుల్లో ఏది చెడిందో తెలువనప్పుడు ఒకదాన్ని మార్చి చూసుడు అనే సంగతి దీనికంటే బాగా అర్థమయ్యే ఉదాహరణ మాకు పుస్తకంలో కనబడలేదు.

*#06# నొక్కితే ప్రతి ఫోన్ తన ఐఎంఈఐ నంబరు చూపిస్తది. పదిహేను అంకెలు. రెండు సిమ్ముల ఫోన్‌కు రెండు నంబర్లు ఉంటయి. మనిషికి ఆధార్ ఎట్లనో ఫోన్‌కు అది అట్ల. ఫోన్ పోయినోళ్లు ఫిర్యాదు చేస్తే ఆ నంబరును దేశంలో అన్ని కంపెనీల దగ్గర ఆపేసే ఏర్పాటు వచ్చింది. 2023 మే నుంచి సంచార్ సాథీ అనే పోర్టల్‌లో జనమే చేసుకోవచ్చు. ఏ సిమ్ వేసినా ఇక ఆ ఫోన్ కలవదు. మాకు నెట్ సరిగ్గా లేదు కనుక మెసేజ్ దారి పట్టినం. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలు వేసి 14422కు పంపాలె. బటన్ ఫోన్ నుంచి కూడా పోతది. కాసేపటికి జవాబు వచ్చింది. ఫోన్ కంపెనీ పేరు, మోడల్, కింద 'బ్లాక్‌లిస్టెడ్'.

దొంగ ఫోన్.

కాకీ దాన్ని మార్చి నెలలో సంతలో కొన్నది. 3,600 రూపాయలు. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 300. పన్నెండు రోజులు ఎండలో మట్టి తవ్విన పైసలు. అమ్మినోడు పెట్టెలో చార్జర్ కూడా ఇచ్చిండు, కాగితం ఇవ్వలేదు. ఆమె అడుగలేదు, అడుగాలని తెలువదు. నెలన్నర బాగనే మోగింది. పోగొట్టుకున్నోళ్లు ఫిర్యాదు ఎప్పుడు చేసిన్రో, అప్పుడు ఆగింది.

ఇక్కడికి మా తెలివి అయిపోయింది, భయం మొదలైంది. ఆపేసిన ఫోన్‌లో సిమ్ వేస్తే ఆ నంబరు పోలీసులకు తెలిసే ఏర్పాటు అందులోనే ఉంటది. కాకీ నంబరు సరే, పరీక్ష అని మా సిమ్ములు రెండు మేమే అందులో వేసినం. మాలో ఒకరికి సర్కారు నౌకరీ ఆశ ఉంది. నలుగురం ట్యాంకు మెట్ల మీద కూసొని చాలాసేపు మాట్లాడలేదు.

తలా ఒక మాట చెప్పిన్రు. సాగర్ నీళ్లల్ల పారేయమన్నరు ఒకరు. ఇంకొక సంతలో అమ్మమన్నరు ఒకరు. అంటే ఇంకొక తండాలో ఇంకొక కాకీకి. టౌన్‌లో ఒక రిపేరు షాపాయన అయిదు వందలిస్తే నంబరే మారుస్త అన్నడు, మామూలు పనే అన్నట్టు. ఐఎంఈఐ మార్చుడు నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో దానికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. అయిదు వందలు ఆయనకు, జైలు మనకు. స్టేషన్‌లో ఇచ్చేస్తే అయిపోతది అని మేమన్నం. కాకీ ఒప్పుకోలేదు. "మనం ఇస్తే మనమే తెచ్చినం అంటరు. మీ తాతలు ఊరికనే స్టేషన్ అంటే భయపడ్డరా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినోళ్లు. ఈ ఊరి కబురు ఆ ఊరికి వాళ్లతోనే పోయేది. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ బతుకు పోయినంక తిరిగే మనిషిని దొంగ అన్నరు. బ్రిటిషోళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చిన్రు, పుట్టుకతోనే నేరస్థుడు అనే చట్టం. మావాళ్ల మీదా ఆ ముద్ర పడ్డది. నిజాం ఇలాకాలో లంబాడాల బతుకు ఎట్ల మారిందో చరిత్రకారుడు భూక్యా భంగ్యా 2010లో 'సబ్జుగేటెడ్ నొమాడ్స్' అనే పుస్తకంలో రాసిండు, చదువుకున్నోళ్లు తప్పక చూడాలె. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది. సంతలో ఏదన్నా పోతే ముందు మా సంచి తెరువమంటరు, అది ఇప్పటికీ ఉంది.

సర్పంచును తీసుకుపోదాం అంటే, 2018 చట్టంతో మా తండా గ్రామ పంచాయతీ అయితే అయింది కానీ సర్పంచుల గడువు ఆ ఫిబ్రవరిలోనే ముగిసింది. చివరికి మా బడి పాత సార్ యాదికొచ్చిండు. సెలవుల్లో దేవరకొండలో ఉంటడు. ఫోన్ చేస్తే "రేపు పొద్దున తొమ్మిదికి రాండ్రి" అన్నడు, ఇంకేమి అడుగలేదు. కాకీతో ఒక తెల్ల కాగితం మీద రాయించినం. ఎక్కడ, ఏ రోజు, ఎంతకు కొన్నది, అమ్మినోడు ఎట్లున్నడు, ఎప్పుడు ఆగింది, మేము ఏ సిమ్ములు వేసి చూసినం. మెసేజ్ జవాబును కూడా ఎత్తి రాసినం. రెండు కాపీలు.

స్టేషన్‌లో మొదటి ప్రశ్న "ఏ తండా?" అని. తర్వాత సార్‌ను చూసి కుర్చీ వేసిన్రు, కాకీ నిలబడే ఉంది. సార్ లేచి ఆమెను కూసోబెట్టి తాను నిలబడ్డడు. గంటన్నర పట్టింది. అమ్మినోని గురించి గుచ్చి గుచ్చి అడిగిన్రు. మా సిమ్ముల సంగతి మేమే ముందు చెప్పినం. ఫోన్ తీసుకుని, మా రెండో కాపీ మీద అందినట్టు రాసి ముద్ర వేసిచ్చిన్రు. ఆ కాగితం కాకీ ట్రంకు పెట్టెలో పాసుబుక్కు పక్కన ఉంది. 3,600 రాలేదు. వస్తయని ఎవరూ అనలేదు కూడా.

ఇంకొకటి చెప్పాలె. ఈ సెట్టింగుల తెలివంతా టవర్ ఉన్న చోటనే. అమ్రాబాద్ అడవి 2,611 చదరపు కిలోమీటర్ల పులుల రిజర్వు. మన్ననూరు దాటి లోపలి చెంచు పెంటల్లో ఏ గుర్తు నొక్కినా తెర మారని చోట్లు మేము చూసినం. అప్పాపూర్ దిక్కు పోయినప్పుడు మా నలుగురి ఫోన్లూ గడియారాలే అయినయి. 'నో సర్వీస్' అనే మాట అక్కడ ఫోన్‌కు వచ్చిన రోగం కాదు. సిగ్నల్ లేని ఊర్లకు 4జీ ఇస్తమని కేంద్రం 2022 జూలై 27న 24,680 గ్రామాల పథకం ఒప్పుకుంది, బీఎస్ఎన్ఎల్ చేయాల్సిన పని. మీ పెంట, మీ తండా ఆ లెక్కలో ఉన్నదా లేదా అని అడిగే హక్కు మనకుంది. మాది సగం కేసు, గుట్ట చాటు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పని హాజరు ఫోన్‌లోనే పెట్టాలంటే, మా మేట్ రోజుకు రెండుసార్లు ఫొటో తీసి, అది పోవడానికి బండ మీదికి ఉరుకుతడు. అది పోకపోతే నలభై మంది కూలి అనుమానంలో పడతది. ఫోన్ బాగుండి కూడా.

జూన్‌లో బడి తెరిచినంక సార్ బోర్డు మీద 14422 రాయించిండు. సంతలో ఫోన్ కొనేటోళ్లు ముందు *#06# చూసి, మెసేజ్ కొట్టి, జవాబు వచ్చినంకనే పైసలు తీస్తున్నరు. నంబరు చూపియ్యమంటే మాట మార్చేటోళ్లు ఇద్దరు ముగ్గురు మావాళ్లకు కనబడ్డరట. కాకీకి ఇప్పుడు బటన్ ఫోన్ ఉంది, కొత్తది, బిల్లుతో. దర్వాజ పక్కన మొలకే ఉంటది. రాత్రి ఎనిమిదికి కొడుకు చేస్తడు.

మనుమరాలి ఫొటోలు వాడు మా ఫోన్‌కు మళ్లీ పంపిండు, దేవరకొండలో కడిగించి ఇచ్చినం. కాకావి వాని దగ్గర రెండే ఉన్నయి. 2023 తీజ్ పండుగ నాడు కాకా గోధుమ మొలకల బుట్ట పట్టుకుని నవ్వే ఫొటో ఒకటి ఉండె, అదే లేదు. ఆ రోజు చుట్టుపక్కల నాలుగైదు తండాల నుంచి చుట్టాలు వచ్చిన్రు, చాలామంది ఫోన్లు ఎత్తి తీసిన్రు. పెండ్లికి పోయినా, పండుగకు పోయినా మేము ఆ ఏటి ఫొటోలు ఒకసారి చూపియ్యమని అడుగుతనే ఉన్నం. ఎర్ర తలపాగా, తెల్ల మీసాలు, ఎడమ చేతికి వెండి కడియం. మీ ఫోన్‌లో ఎక్కడన్నా కనబడితే చెప్పుండ్రి.